పంట మునిగితే ఎకరాకు పదివేలు ఎవరి ఖాతాలో పడతాయి?

2020 నవంబర్‌లో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మీసేవ కేంద్రాల ముందు కట్టిన లైన్లు గుర్తుండే ఉంటాయి. అంతకు నెల ముందు, అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు కాలనీలకు కాలనీలు మునిగాయి. ప్రభుత్వం ఇంటికి 10,000 చొప్పున ఇస్తామని చెప్పి 550 కోట్లు కేటాయించింది. మొదట ఇళ్లకు వచ్చి నగదు చేతికే ఇచ్చారు. అందనివాళ్లు గొడవ చేసేసరికి మీసేవలో దరఖాస్తు పెట్టుకోమన్నారు. తెల్లారేసరికల్లా ఆధార్ జిరాక్సులు పట్టుకుని జనం బారులు తీరేవారు. నవంబర్ 18న జీహెచ్‌ఎంసీ ఎన్నికల కోడ్ పేరుతో రాష్ట్ర ఎన్నికల సంఘం ఆపేయమంది. లైన్లో ఉన్నవాళ్లు ఆ జిరాక్సులు మడిచి జేబులో పెట్టుకుని ఇంటిదారి పట్టారు.

ఆ రోజుల్లోనే ఊరి నుంచి మా బాబాయి ఫోన్ చేశాడు. "మీకు ఇంటికి పదివేలంట గదరా, మరి మా పత్తికి ఎంతంట?" అన్నాడు. అదే వాన వాళ్ల చేను మీదా పడింది. పగిలిన కాయలో పత్తి నల్లబడింది, పగలనిది చెట్టు మీదే కుళ్లింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ తక్షణ సాయంగా 1,350 కోట్లు ఇవ్వమని ప్రధానికి ఉత్తరం రాశారు. అందులో 600 కోట్లు రైతుల కోసం, 750 కోట్లు జీహెచ్‌ఎంసీ కోసం. పేపర్లో చదివిన ఆ ముక్కే చెప్పాను. "అయితే వస్తయన్నమాట" అన్నాడు బాబాయి. ఆయనకు రాలేదు. ఆ సీజన్ పంట నష్టం సంగతి హైకోర్టు దాకా వెళ్లింది. నష్టపోయిన రైతులకు, కౌలు రైతులతో సహా, ఇన్‌పుట్ సబ్సిడీ ఇవ్వాలని 2021 సెప్టెంబర్‌లో కోర్టు ఆదేశించింది.

ఇన్‌పుట్ సబ్సిడీ. ఊళ్లో అందరూ "నష్టపరిహారం" అంటారు, టీవీలోనూ అదే మాట. ప్రభుత్వ కాగితంలో ఆ మాట ఉండదు, కావాలనే ఉండదు. విపత్తు నిధి నుంచి ఇచ్చేది ఉపశమన సాయమే తప్ప జరిగిన నష్టానికి పరిహారం కాదని కేంద్ర హోంశాఖ అడిగినప్పుడల్లా చెబుతూనే ఉంటుంది. మళ్లీ విత్తనం, ఎరువు కొనుక్కుని నిలదొక్కుకోవడానికి చేతిలో పెట్టే డబ్బు, అంతే. మన చిరాకుల్లో సగానికి మూలం ఈ పేరు దగ్గరే ఉంది.

కొందరు దీన్ని రైతు భరోసాతోనూ రైతు బీమాతోనూ కలిపేస్తుంటారు. రైతు భరోసా పంట పోయినా పండినా వచ్చే పెట్టుబడి సాయం. రైతు బీమా రైతు చనిపోతే కుటుంబానికి వచ్చే 5 లక్షలు. పంట మునిగిన సంగతి ఆ రెంటికీ పట్టదు.

ఎకరాకు లెక్క

2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు స్పందన నిధి ఉంటుంది. తెలంగాణ లాంటి రాష్ట్రాల్లో అందులో 75 శాతం కేంద్రం వేస్తే 25 శాతం రాష్ట్రం వేస్తుంది. ఆ డబ్బును దేనికి ఎంత ఖర్చు పెట్టాలో కేంద్రం రేటు పట్టిక ఇస్తుంది. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన పట్టిక ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, నీటి వసతి ఉన్న పంటకు 17,000, మామిడి, బత్తాయి లాంటి తోటలకు 22,500. రైతుకు 2 హెక్టార్ల వరకే.

హెక్టార్లలో చెబితే మన ఊళ్లలో ఎవరికీ ఎక్కదు. హెక్టారంటే 2.47 ఎకరాలు. అంటే ఎకరాకు వాన మీద పండే పత్తికి సుమారు 3,440, బోరు కిందో కాలువ కిందో వరికి 6,880, మామిడితోటకు 9,100. రెండు హెక్టార్లంటే అయిదెకరాలకు రెండు గుంటలు తక్కువ (ఎకరాకు 40 గుంటలు).

ఇప్పుడు వరి సంగతే చూద్దాం. ఎకరాకు 24 క్వింటాళ్లు పండే పొలం అనుకోండి. 2024-25లో సాధారణ రకం వడ్లకు మద్దతు ధర 2,300. అంటే చేతికి రావలసింది 55,200. కేంద్రం పట్టిక ప్రకారం అందేది అందులో ఎనిమిదో వంతు. రాష్ట్రం ప్రకటించే పదివేలు అందుకున్నా అయిదో వంతు దాటదు.

ఆ పదివేలు పట్టికలో లేని అంకె. 2023 మార్చిలో వడగళ్ల వానకు ఖమ్మం, మహబూబాబాద్, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మొక్కజొన్న నేలకొరిగినప్పుడు కేసీఆర్ చేల గట్ల మీద నిలబడి ఎకరాకు 10,000 ఇస్తామన్నారు. 2024 సెప్టెంబర్ వరదలకు రేవంత్ రెడ్డి అదే అంకె చెప్పారు. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకు వరంగల్ వైపు మునిగితే మళ్లీ అదే. ప్రభుత్వం మారినా అంకె మారలేదు. విత్తనం ధర, కూలి రేటు, ట్రాక్టర్ కిరాయి మాత్రం 2023లో ఉన్నచోట ఆగలేదు.

పట్టికకు, ప్రకటనకు మధ్య తేడాను రాష్ట్ర ఖజానా భరించాలి. వరి అయితే ఎకరాకు 3,100 చిల్లర, మామిడి అయితే 900. అదే వానాధారపు పత్తి అయితే 6,500 పైమాట. అందుకే ప్రకటన రోజు ఒకలా, ఉత్తర్వు వచ్చే రోజు ఒకలా వినిపిస్తుంది. మధ్యలో ఆర్థికశాఖ ఉంటుంది కదా.

ముప్పై మూడు

ఇంత లెక్కలోనూ అసలు కీలకం 33 అనే అంకె. పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటేనే సాయం. 2015కు ముందు ఇది 50 శాతం. ఆ ఏడాది ఉత్తర భారతంలో అకాల వర్షాలకు గోధుమ పోయాక ఏప్రిల్‌లో ప్రధాని దాన్ని 33కి తగ్గించారు. మంచి పనే. కానీ గీత కిందికి జరిగిందే తప్ప గీత స్వభావం మారలేదు. 32 శాతం పోతే రూపాయి రాదు. 33 శాతం పోతే మొత్తం వస్తుంది. నూటికి నూరు పోయి చేను ఇసుక దిబ్బ అయినా అంతే వస్తుంది. పక్కపక్క గట్ల మీద ఉన్న ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరికి పదివేలు, ఇంకొకరికి సున్నా రావడానికి ఎవరి అవినీతీ అక్కర్లేదు, ఈ గీత ఒక్కటి చాలు.

ఆ గీత ఎటువైపో తేల్చేది ఊరికి వచ్చే వ్యవసాయ విస్తరణాధికారి, మనవాళ్ల భాషలో ఏఈవో. ఒక్కో ఏఈవో చేతికింద దాదాపు 5,000 ఎకరాల క్లస్టర్ ఉంటుంది. వాన వెలిసిన మర్నాటి నుంచి ఫోన్లు ఆగవు. చేలోకి బండి పోదు, మోకాలు లోతు బురద. ఒక చేతిలో ట్యాబ్, ఇంకో చేతిలో చెప్పులు పట్టుకుని గట్లెంట నడుస్తున్న ఆయన్ను 2024లో మా ఊళ్లో నేనే చూశాను. చేను నాలుగు వైపులా చూసి, రైతును నిలబెట్టి ఫొటో తీసి, సర్వే నంబర్ ఎంత, పాసుపుస్తకం ఏది, ఎన్ని గుంటలు పోయింది అని రాసుకుంటాడు. కొలత కర్రేమీ ఉండదు, చూపే కొలత. "సార్, నలభై రాయండి" అని వెనక నుంచి ఎవరో అంటూనే ఉంటారు. రెవెన్యూవాళ్లు కలిసి రావాలి, తోటలైతే ఉద్యానశాఖవాళ్లు రావాలి. 2020లో వీఆర్వో వ్యవస్థను తీసేశాక ఊరి హద్దులు నోటికి తెలిసిన మనిషి ఆ గుంపులో లేకుండా పోయాడు.

ఇంకో మెలిక కూడా ఉంది, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ప్రతి సీజన్‌లో ఏఈవోలు ఏ సర్వే నంబర్‌లో ఏ పంట వేశారో నమోదు చేస్తారు. నష్టం జాబితా ఆ నమోదుతో సరిపోవాలి. నమోదులో పత్తి అని ఉండి, మొలక రాక మీరు దాన్ని దున్నేసి మిర్చి పెట్టి ఉంటే, మునిగిన మిర్చికి కాగితం మీద ఉనికే ఉండదు. వాన రాకముందే, జూలై ఆగస్టుల్లోనే, ఒకసారి రైతు వేదికకు వెళ్లి మన పేరు మీద ఏ పంట ఎక్కిందో చూసుకోవడం అందుకే మంచిది.

4 లక్షల ఎకరాలు ఎక్కడికి పోయాయి

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది. పాలేరు దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. రాష్ట్రమంతటా 4 లక్షల ఎకరాలకు పైగా పంట దెబ్బతిన్నట్టు తొలి అంచనా. అక్టోబర్‌లో వ్యవసాయశాఖ డబ్బు విడుదల చేసినప్పుడు తేలిన లెక్క 79,574 ఎకరాలు, 79.57 కోట్లు. అయిదో వంతు కన్నా తక్కువ. 2023 వడగళ్లప్పుడూ ఇదే వరస: మొదట 2.28 లక్షల ఎకరాలన్నారు, సర్వే ముగిసేసరికి అది లక్షన్నర ఎకరాల దగ్గర ఆగింది.

"కోత పెట్టారు" అనడం సులువు. కొంత నిజం కూడా ఉండొచ్చు. కానీ రెండు అంకెలూ కొలిచేవి ఒకటి కాదు. తొలి అంచనా అంటే నీళ్లు నిలిచిన విస్తీర్ణం. ఢిల్లీకి నివేదిక పంపడానికి రెండు మూడు రోజుల్లో, చాలావరకు గట్టు మీద నుంచే చూసి వేసే లెక్క. తుది అంకె నీళ్లు తీశాక చేనుచేనుకూ, 33 శాతం గీత పెట్టి, రైతు పేరుతో సహా రాసింది. సెప్టెంబర్ మొదట్లో వరి నాటు వేసి కొన్నాళ్లే అయి ఉంటుంది. రెండు రోజులు మునిగినా నీరు తీస్తే పిలక తేరుకుంటుంది. పత్తికి ఆ వెసులుబాటు లేదు, వేరు దగ్గర నీళ్లు నిలిస్తే వడలిపోతుంది. అదే వాన అక్టోబర్ చివర్లో, గింజ గట్టిపడ్డాక పడితే వరి లేవదు, పడిన చోటే కంకి మీద మొలకలొస్తాయి. అందుకే మొంథా అంత చేటు చేసింది. వాన ఎన్ని సెంటీమీటర్లు అన్నదానికన్నా ఏ నెలలో పడిందన్నదే రైతుకు ముఖ్యం.

ఇసుక మేటల సంగతి వేరే. ఏటి ఒడ్డు పొలాల్లో మూడంగుళాలకు మించి ఇసుక పేరుకుంటే తీయించుకోవడానికి హెక్టారుకు 18,000 ఇవ్వొచ్చని పట్టికలో ఉంది. ఎకరాకు సుమారు 7,300. అది సన్న, చిన్నకారు రైతులకు మాత్రమే, ఇంకో పథకంలో డబ్బు రాకపోతేనే. మూడడుగుల మేట వేసినా అదే రేటు. జేసీబీ గంట కిరాయి ఎంతో తెలిసినవాళ్లకు ఇది ఎన్ని గంటల పనో విడిగా చెప్పక్కర్లేదు.

జీవాలు పోతే

పంట కన్నా పశువుల లెక్క కాస్త సూటిగా ఉంటుంది. కేంద్రం పట్టికలో పాడి గేదెకు, ఆవుకు 37,500, దుక్కిటెద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రెకు, మేకకు 4,000, కోడికి 100. పాడి పశువులైతే ఇంటికి మూడు, గొర్రెలు మేకలైతే ముప్పై వరకే. తెలంగాణలో 2024 సెప్టెంబర్‌లో పశువుకు ఇచ్చేది 30,000 నుంచి 50,000కు, గొర్రె మేకలకు 3,000 నుంచి 5,000కు పెంచారు.

సూటిగా ఉన్నంత మాత్రాన సులువు కాదు. చచ్చిన జీవాన్ని పశువైద్యుడు చూసి పోస్టుమార్టం కాగితం ఇవ్వాలి. గేదెకైతే చెవి పోగు నంబర్ ఉంటుంది. వాగులో కొట్టుకుపోయిన మందకు కళేబరమే దొరకదు, కాగితం దేనికి ఇస్తారు? పంచాయతీ కార్యదర్శి, ఊరి పెద్దలు సాక్షి సంతకాలు పెట్టి పంచనామా రాస్తే కొన్నిచోట్ల నడుస్తుంది, కొన్నిచోట్ల నడవదు. వంద జీవాల మంద ఉన్న కాపరికి ముప్పై దాటినవి అసలు లెక్కలోకే రావు. ఇంకొకటి: ఆ పట్టికతో పాటు వచ్చిన విపత్తుల జాబితాలో తుఫాను, వరద, కరువు, వడగళ్లు, చీడపీడలు ఉన్నాయి, పిడుగు లేదు. చెట్టు కింద నిలబడ్డ మంద మీద పిడుగు పడటం మనకు ఏటా వినే వార్తే. రాష్ట్రం తనంతట తాను ప్రకటించుకుంటే నిధిలో 10 శాతం వరకు ఇలాంటి స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. వడదెబ్బను 2025 ఏప్రిల్‌లో తెలంగాణ అలాగే చేర్చుకుంది.

ఢిల్లీ డబ్బు

వరద వచ్చినప్పుడల్లా టీవీల్లో నడిచే పంచాయితీ ఒకటుంది. కేంద్రం ఏమీ ఇవ్వలేదని రాష్ట్రం, మీ దగ్గరే ఉంది కదా అని కేంద్రం. 2024లో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. తెలంగాణ విపత్తు నిధి ఖాతాలో సుమారు 1,345 కోట్లు ఉన్నాయని హోంశాఖ లేఖ రాసింది. ఉన్నా ఆ పట్టిక రేట్లు దాటి ఖర్చు పెట్టలేం, నిబంధనలు సడలించండి అని రాష్ట్రం అడిగింది. నిండు కుండకు సన్నని మూతి పెట్టినట్టన్నమాట.

రాష్ట్ర నిధికి మించిన తీవ్ర విపత్తు అయితే జాతీయ విపత్తు నిధి నుంచి ఇస్తారు. దానికి కేంద్ర బృందం వచ్చి చూడాలి, నివేదిక ఇవ్వాలి, హోంమంత్రి అధ్యక్షతన ఉన్న ఉన్నతస్థాయి కమిటీ ఒప్పుకోవాలి. ఆ వరదల్లో రాష్ట్రం మొదట చెప్పిన మొత్తం నష్టం 5,438 కోట్లు. అక్టోబర్ 1న రాష్ట్ర నిధిలో కేంద్రం వాటా పేరుతో వచ్చింది 416.80 కోట్లు. జాతీయ నిధి నుంచి 231.75 కోట్లు ఆమోదం పొందింది 2025 ఫిబ్రవరిలో, అదీ రాష్ట్ర నిధిలో ఉన్న నిల్వలో సగం సర్దుబాటు చేసుకునే షరతుతో. అప్పటికి మా ఊళ్లో యాసంగి వరి పొట్టకొచ్చింది. రైతుకు ఈ రెండో డబ్బుతో నేరుగా సంబంధం లేదని గమనించాలి. ఆయనకు వచ్చేది రాష్ట్రం ముందే ఇచ్చేస్తుంది, ఢిల్లీ నుంచి తర్వాత రాబట్టుకునే లెక్క ప్రభుత్వాలది.

బీమా ఉంటే ఈ గొడవంతా ఉండకపోయేదేమో అనిపిస్తుంది. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో రైతు కట్టేది వానాకాలం పంటకు 2 శాతం, యాసంగికి 1.5, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5. తెలంగాణ 2020లో అందులోంచి బయటికొచ్చింది. 2024 మార్చిలో మళ్లీ చేరుతున్నామని ప్రకటించింది. ఆ సెప్టెంబర్‌లో మున్నేరు పొంగినప్పుడు మా ఊళ్లో బీమా కాగితం ఉన్నవాడు ఒక్కడూ లేడు.

ఎవరూ అంతగా చెప్పని ఇంకో సంగతి బ్యాంకులో ఉంది. ప్రకృతి విపత్తు ప్రకటించిన చోట పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటే స్వల్పకాలిక పంట రుణాన్ని వాయిదాల రుణంగా మార్చాలని రిజర్వ్ బ్యాంక్ 2018లో ఆదేశించింది. ఆ ఆదేశాల ప్రకారం నష్టం 33 నుంచి 50 శాతం అయితే రెండేళ్ల వరకు, 50 దాటితే అయిదేళ్ల వరకు గడువు, మొదటి ఏడాది మారటోరియంతో (వాయిదా కట్టక్కర్లేని విరామంతో) కలిపి. దీన్ని అడగాలి. అడగకుండా ఏ మేనేజరూ పిలిచి ఇవ్వడు. పోయినసారి బాబాయి అడిగితే కౌంటర్‌లో కుర్రాడు "అలాంటి స్కీమ్ మా దగ్గర లేదు" అన్నాడట. స్కీమ్ కాదు బాబూ అని చెప్పే ఓపిక ఆయనకు లేకపోయింది.

పాసుపుస్తకం ఎవరిదో

చివరికి డబ్బు ఖాతాలో పడుతుంది. ఎవరి ఖాతాలో? 2023 ప్రకటనలో కౌలు రైతులను కూడా ఆదుకోవాలని ముఖ్యమంత్రి అధికారులకు చెప్పారు. కానీ కౌలుదారుకు చూపించడానికి కాగితం ఏదీ? 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. తెలంగాణలో అది పేరుకే మిగిలింది. పాత పహాణీల్లో పట్టాదారు పక్కన అనుభవదారు అనే కాలమ్ ఉండేది. భూరికార్డుల ధరణి పోర్టల్ వచ్చాక అదీ పోయింది. దున్నినవాడు ఎవరో ఊరంతటికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. ఏఈవో ఊళ్లో విచారించి సాగుదారు పేరు రాయొచ్చు. పట్టాదారు అడ్డం చెప్పకపోతే చాలాచోట్ల రాస్తారు కూడా. పట్టాదారు ఊళ్లో లేకపోతే ఆ ఒక్క మాట అడగడానికి ఎవరూ ఉండరు.

మా బాబాయికి సొంతం ఎకరం ముప్పై గుంటలు, కౌలుకు మూడెకరాలు. కౌలు పొలం ఆసామి హైదరాబాద్‌లోనే, మా ఇంటికి రెండు బస్టాపుల దూరంలో ఉంటారు. 2024 అక్టోబర్‌లో సొంత పొలానికి బాబాయి ఖాతాలో 17,500 పడ్డాయి. అదే రోజు మూడెకరాలకు 30,000 ఆసామి ఖాతాలో పడ్డాయి. మంచి మనిషి, దాచలేదు. ఆయనే ఫోన్ చేశారు. బాబాయి నన్నూ వెంటబెట్టుకుని వాళ్ల అపార్ట్‌మెంట్‌కు వెళ్లాడు. టీ ఇచ్చారు, మెసేజ్ చూపించారు. "డబ్బు నీదేనయ్యా, కాదనను. వచ్చే ఏటి కౌలులో పట్టుకుందాం" అన్నారు.

ఆ ఏటి కౌలు ఉగాది తర్వాతే ముందుగా కట్టేశాడు బాబాయి. పత్తి పోయాక ఇక ఆ మూడెకరాలు వదిలేద్దామని పిన్నితో రెండు మూడుసార్లు అన్నాడట. కిందికి దిగాక గేటు దగ్గర నిలబడి, "వచ్చే ఏడు కూడా చేస్తేనే అవి నావి" అన్నాడు. ఎల్బీనగర్‌లో ఖమ్మం బస్సు ఎక్కేలోపు వచ్చే ఏడు ఆ పొలంలో ఏం పెట్టాలో లెక్క మొదలుపెట్టాడు.